విడుచు హక్కు – అడుగు హక్కు

వార్షిక సంచికలో వ్రాయుటకు ఉన్నత విషయములు పెక్కు గలవు. మహాపురుషుల చరిత్రలు, దేశాటన విశేషములు, విద్యాప్రయోజనములు మున్నగువానిని గూర్చి ఏటేట చదువుచునే యున్నాము. నేను మాత్రము ఈ యేడు వంటయింటి పొయ్యిని గూర్చియు, నడవలోని దీపమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయ దలచితిని. ఇది యల్పవిషయమని చదువరులు తలపకుందురు గాక. పొయ్యి వెలుగనిదే యింట పూట గడువదు. దీపము వెలుగనిదే బాలుర పాఠము సాగదు. ఈ రెంటిని మనకు సమకూర్చువాడు సరిగా నడువనిచో మనమేమి చేయగలము? వానిని విడిచి వేఱొకని నెన్నుకొను హక్కు మనకు గలదా? ఉన్నచో నది యెంతవఱకు మేలు? ఇవియే నేడు విచారింపదగిన ప్రశ్నలు.

మొదట నొక చిన్న యుదంతము. విజయవాడ పాతబస్తీలో మా వీధి చివర నొక వృద్ధురాలు తన మనుమనితో కాపురము చేయుచున్నది. ఆమెకు గ్యాసు సిలిండరు తెచ్చు మనిషి ప్రతి పర్యాయమును రసీదులోని వెలకంటె కొంత యధికముగా నడుగుచుండెను. ఈయకపోయినచో తరువాతి సిలిండరు రాక కెన్నో దినములు పట్టెడిది. "ఎందుకమ్మా యిచ్చుట?" అని నేనొకనాడు అడుగగా, "ఏమి చేయుదును బాబూ, పొయ్యితో పగ పెట్టుకొందునా?" అని యామె బదులు చెప్పినది. ఆ మాట నా మనస్సున నాటుకొనెను. ఆమె యిచ్చు పైకము చిన్నదే. ఇప్పించు భయము పెద్దది. తనకు వేఱు దిక్కు లేదని నమ్మినవారి నెవ్వడైనను ఎంతయైనను అడుగగలడు.

ఆమె మనుమడు తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడు. ఒక సాయంకాలము ఆ బాలుడును నేనును గూర్చుండి, ఫోనులో ఆ గ్యాసు సంస్థవారి పుటను తెఱచి, అందు మా ప్రాంతమున సరఫరా చేయు ఏజెన్సీల పట్టికను చూచితిమి. అదే సంస్థకు చెందిన మఱియొక యేజెన్సీ నెన్నుకొని, కోరిక నమోదు చేసితిమి. పని ముగియుటకు పావుగంట పట్టలేదు. పైసా ఖర్చు కాలేదు. కొన్ని దినములకు కనెక్షను మాఱినది. నేడామెకు సిలిండరు సకాలమున వచ్చుచున్నది. రసీదులో నున్నంతయే యిచ్చుచున్నది.

ఈ సౌకర్యము క్రొత్తది కాదు. గ్యాసు కనెక్షనును ఒక పంపిణీదారునినుండి వేఱొకని కడకు మార్చుకొను పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2013 అక్టోబరులో కొన్ని నగరములందు పరీక్షార్థము ప్రవేశపెట్టి, 2014 జనవరిలో 480 జిల్లాలకు విస్తరింపజేసెను. ఇండేను, భారత్, హెచ్.పి. అను మూడు పేరుల గ్యాసులలో, ఉన్న సంస్థలోనే యేజెన్సీని మార్చుకొనవచ్చును, సంస్థనే మార్చుకొనవచ్చును. సంస్థలోనే మాఱినచో సిలిండరు, రెగ్యులేటరు మన యింటనే యుండును. సంస్థ మాఱినచో మాత్రము వానిని పాతవారికి అప్పగించి, డిపాజిట్టు తిరిగి పుచ్చుకొని, అంత మొత్తమే క్రొత్తవారికి కట్టవలయును. మార్పునకు వేఱు రుసుము లేదు.

ఇందొక విశేషమును గమనింపవలయును. ఒకే పట్టణమున ఈ మూడు సంస్థల 14.2 కిలోల గృహోపయోగపు సిలిండరు వెల సమానమే. కావున ఈ మార్పువలన వెల తగ్గదు. మాఱునది నడత మాత్రమే. ఇంటికి చేర్చు కూలి ఆ వెలలోనే చేరియున్నది. సిలిండరును మన యెదుట తూచి చూపుమని యడుగు హక్కును మనకు గలదు. ఖాళీ సిలిండరు బరువు దాని మెడపట్టీమీదనే వ్రాసి యుండును. ఇన్ని హక్కులుండియు మన వీధులలో ఎందఱు వీనిని వాడుకొనుచున్నారు? తెలియని హక్కు, పాతిపెట్టి మఱచిన బిందెవంటిది. అది యింటిలోనే యుండును. ఇంటివారు పస్తుండుట మానరు.

ఇక దీపము సంగతి. "గ్యాసువానిని మార్చినట్లే కరెంటువానిని మార్చరాదా?" అని ఆ బాలుడే నన్నడిగినాడు. మంచి ప్రశ్న. మన రాష్ట్రమున 1959లో నేర్పడిన విద్యుత్తు బోర్డు 1999 ఫిబ్రవరిలో రెండుగా చీలి, ఉత్పత్తి యొక సంస్థకును, ప్రసారము మఱియొక సంస్థకును జెందెను. మఱుసటి యేట పంపిణీ సంస్థలు వేఱుపడెను. విజయవాడ తిరుపతి ముఖ్యస్థానముగా గల దక్షిణ ప్రాంత సంస్థక్రింద నుండి, 2020 ఏప్రిలునుండి విజయవాడయే ముఖ్యస్థానముగా గల మధ్య ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థక్రిందికి వచ్చినది. ఇట్లు మన సరఫరాదారుడు మాఱెను. కాని మార్చినవారము మనము కాము. బిల్లుమీద పేరు మాఱినపుడు గాని పెక్కుమంది కాసంగతి తెలియలేదు.

2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 1 మెగావాటునకు మించి వాడు పెద్దవారికి తమకు నచ్చినచోట విద్యుత్తు కొనుక్కొను ద్వారము తెఱచినది. 2022 నాటి నిబంధనలచే, సూర్యరశ్మి, గాలి మున్నగువానినుండి పుట్టు విద్యుత్తునకు ఆ పరిమితి 100 కిలోవాట్లకు దిగినది. రెండు మూడు కిలోవాట్ల మన యిండ్లకు ఆ ద్వారము నేటికిని మూసియే యున్నది. ఒకే తీగలపై పలువురు వర్తకులు పోటీపడి సరఫరా చేయుటకై 2022 ఆగస్టులో లోకసభలో ప్రవేశపెట్టిన బిల్లు స్థాయీ సంఘమునకు పోయి, ఆ సభతోపాటు 2024లో రద్దయినది. అట్టి యుద్దేశముతోనే 2025 అక్టోబరులో మఱియొక ముసాయిదా వెలువడినది. కావున ఈ ప్రశ్న రేపో మాపో మన గడపలోనికి వచ్చునదియే. ముందుగా నాలోచించి యుంచుకొనుట మంచిది.

ఎన్నుకొను హక్కు ఇండ్లకు గల తావులు లేకపోలేదు. బొంబాయి శివారులలో టాటావారికి చిల్లర సరఫరా చేయు నధికారము గలదని 2008లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2009 అక్టోబరులో ఆ రాష్ట్రపు నియంత్రణ మండలి, రిలయన్సువారి తీగలపైననే టాటావారి విద్యుత్తు తీసికొనుటకు ఇంటివారికి వీలు కల్పించెను. ఎందఱో మాఱిరి. అయినను, మాఱినవారు పోగా మిగిలినవారిపై భారము పడుచున్నదన్న వివాదము వెంటనే తలయెత్తెను. తుదకు మాఱినవారిపై ప్రత్యేకమైన యదనపు రుసుము విధింపవలసి వచ్చెను.

మన కృష్ణాతీరపు బిడ్డలు పెక్కుమంది స్థిరపడిన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఈ హక్కు 2002 జనవరినుండి యున్నది. డాలస్ పరిసరములలో ప్లేనో, ఇర్వింగు పట్టణములందు కాపురమున్న మనవారు ప్రభుత్వమువారే నడుపు పుటను తెఱచి, వెలలు సరిచూచి, నచ్చిన వర్తకుని ఒప్పందము కుదుర్చుకొందురు. మంచి దినములలో ఇది లాభకరమే. కాని 2021 ఫిబ్రవరిలో అచ్చట భయంకరమైన మంచు పడినది; విద్యుత్తు కఱవయ్యెను; టోకు ధర యూనిటుకు 9 డాలర్ల వఱకు పెరిగెను. గ్రిడ్డీ అను సంస్థ టోకు ధరనే ఏ పూటకాపూట ఇంటివారిపై వేయునట్టిది. ఆ ముప్పు రానున్నదని యెఱిగి, తన్ను విడిచి వేఱొకరిని చూచుకొండని ఆ సంస్థయే తన ఖాతాదారులకు వర్తమానము పంపెను. మాఱజాలని వారిలో కొందఱికి కొలది దినములలోనే వేల డాలర్ల బిల్లులు వచ్చెను. మఱుసటి నెలలో ఆ సంస్థ దివాలా తీసెను. చౌక యని చేరినవారు ఒప్పందములోని చిన్న యక్షరములను ఆ చలిలో చదువుకొనవలసి వచ్చినది.

ఇందువలన ఎన్నుకొను హక్కు చెడ్డదని నేననను. వస్తుభేదమును గుర్తింపవలయునని మాత్రమే నా మనవి. సిలిండరు చేతిబండిమీద వచ్చును. ఏ కొట్టునుండియైనను రావచ్చును. ఒక యిల్లు ఏజెన్సీని మార్చినంతమాత్రమున ప్రక్క యింటి పొయ్యి ఆఱదు. విద్యుత్తు అట్టిది కాదు. అది ఊరంతటికి ఒకే తీగపై వచ్చును. పెద్ద దుకాణములు, పరిశ్రమలు హెచ్చు ధర చెల్లించుటచేతను, ప్రభుత్వము సాయము చేయుటచేతను పేద యింటికి మొదటి యూనిట్లు చౌకగా లభించుచున్నవి. మైలవరము, తిరువూరు మెట్టనేలలలో బోరుబావిపై నాధారపడిన రైతునకు 2004 నుండి ఉచిత విద్యుత్తు అందుచున్నది. బాగుగా చెల్లించువారు పోటీ వర్తకుల వైపునకు తరలిపోయినచో ఈ భారము నెవరు మోయుదురు? కాలువనీటి క్రింద పండించు డెల్టా రైతునకు ఈ ప్రశ్న దూరముగా దోచవచ్చును. మెట్ట రైతునకు అది పంట ప్రశ్న.

ఇంకొక మాట. 2024 సెప్టెంబరు మొదటి దినమున బుడమేరు పొంగి సింగునగరు మున్నగు పేటలు మునిగినవి. ప్రాణాపాయము కలుగకుండుటకై అచ్చట విద్యుత్తు నిలిపివేసిరి. నీరు తీసిన కొలది వీధి వెంబడి వీధిగా దానిని తిరిగి యిచ్చిరి. నడుములోతు నీటిలో స్తంభము దగ్గఱకు పోవువాడు లైనుమాను. బిల్లు వ్రాయువాడు ఒకడును, తీగ బాగుచేయువాడు ఒకడును అయిన నాడు, చీకటిలో నున్న యిల్లాలు ఎవరి తలుపు తట్టవలయునో ముందుగా తేల్చుకొనవలయును. అది తేలకుండ నిచ్చిన హక్కు, నావ నిచ్చి తెడ్డు దాచుకొన్నట్లుండును.

అట్లని ఏకస్వామ్యమును నేను సమర్థించుట లేదు. వేఱు దిక్కు లేనివారిని ఎంతయైనను అడుగవచ్చునని మొదట నేనే వ్రాసితిని. అది గ్యాసు మనిషికి ఎట్లో విద్యుత్తు సంస్థకును అట్లే. ఎప్పుడో వాడిన విద్యుత్తునకు సర్దుబాటు రుసుమని నేడు బిల్లులో చేర్చినపుడు సామాన్యునకు కలుగు విసుగు న్యాయమైనదే. విడిచిపోవుటకు వీలులేని చోట నిలిచి యడుగుటకు వీలుండవలయును. విడుచు హక్కు లేనిచో అడుగు హక్కు రెట్టింపు బలముగా నుండవలయును. ఇదియే నా యభిప్రాయమునకు సారము.

అడుగు హక్కు కాగితముమీద మనకు గలదు. 1912 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అందున పని జరుగనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక గలదు. దానిపై అంబుడ్సుమాను గలడు. ధరలు నిర్ణయించుటకు ముందు సంస్థలు తమ లెక్కలను నియంత్రణ మండలియెదుట పెట్టవలయును. వానిపై ఎవరైనను వ్రాతమూలముగ అభ్యంతరము తెలుపవచ్చును. ఈ హక్కు ఊరక నిలిచినది కాదు. ధరల పెంపునకు ప్రతిగా 2000 ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీరుబాగులో జరిగిన యూరేగింపుపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు గోల్పోయిరి. అంత వెల యిచ్చిన మాట మనము నేడు సభలో ఊరక పలుకుటకైనను బద్ధకించుచున్నాము.

విద్యుత్తు విషయమున ఇంటివానికి నేడు నిజముగా తెఱచియున్న మఱియొక దారి మేడకప్పు. 2024 ఫిబ్రవరిలో నారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 1 కిలోవాటు సౌరఫలకములకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు గాని అంతకు మించి గాని యైనచో 78,000 సహాయముగా లభించును. దరఖాస్తు ఇంటనుండియే పంపవచ్చును. పట్టికలోని పనివారిలో నచ్చినవారి నెన్నుకొనవచ్చును. కాని అద్దె యింటివానికి కప్పు తనది కాదు; పూరింటివానికి కప్పు ఫలకమును మోయదు. ఈ లోపమును తీర్చుట పాలకుల విధి.

విద్యార్థి సోదరులారా! తుదిమాట మీతో. పూర్వము పల్లెలలో బడికి పోవు బాలుడే వీధివారందఱికి ఉత్తరములు చదివి పెట్టెడివాడు. నేడు ఉత్తరములు తగ్గినవి, బిల్లులు పెరిగినవి. మీ యింటి కరెంటు బిల్లును, గ్యాసు రసీదును ఈ సెలవులలో ఒక పర్యాయము చదివి, ప్రతి పంక్తికిని అర్థము తెలిసికొని, ప్రక్క యింటి అవ్వకు చెప్పుడు. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసివేయుదుము, ఈ సంఖ్యకు ఫోను చేయుడు" అని వచ్చు సందేశము మోసగాండ్రదని కూడ చెప్పుడు; ఫోనుచేసి ఓటీపీ అడిగినవానిని నమ్మవలదని చెప్పుడు. ఎవరికి మార్పు అవసరమో, ఎవరికి ఫిర్యాదు అవసరమో కనిపెట్టి, అడిగినవారికి దగ్గఱ గూర్చుండి ఆ పని చేసి పెట్టుడు.

మా వీధి చివరనున్న వృద్ధురాలు ఇప్పుడు రసీదులను మేకుకు గ్రుచ్చి దాచుకొనుచున్నది. చదువు రాకున్నను, అందలి యంకెను వ్రేలితో చూపి, "ఇంతేగదా నాయనా?" అని మనుమని నడుగును. అతడు చూచి ఔననును. ఆ యొక్క ప్రశ్న ప్రతి యింట ఆ విధముగ పుట్టినచో, మనకు సరఫరాదారుని మార్చు హక్కు వచ్చినను రాకున్నను, సరఫరాదారుడు మాత్రము తప్పక మాఱును.