కోళ్ల దాణాతో చేజారుతున్న రక్షణ

పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప 2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. సోకింది హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. కూరకు తెచ్చిన కోడిమాంసంలో పచ్చి ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఉడికిన కూర తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. అంతకు నెల ముందే గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూతో కోళ్లు గుట్టలుగా చచ్చాయి. ఆ బిడ్డ మరణాన్ని ఒక ఇంటి దురదృష్టంగా వదిలేయడం పల్నాడుకు క్షేమం కాదు.

ఈ వైరస్ మళ్లీ మనుషులను పట్టుకుంటే వాడదగిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పాత మందు అమాంటడిన్‌కు హెచ్5ఎన్1లో చాలా రకాలు లొంగడం మానేశాయి. ఒసెల్టామివిర్ జబ్బు మొదలైన రెండు రోజుల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు కొత్త మందుల కోసం జంతువుల ఒంట్లో బతికే బాక్టీరియాను వెతుకుతున్నారు. పేగుల్లోని ఒక బాక్టీరియా మొక్కల ఆహారంలోని ఫ్లేవనాయిడ్ల నుంచి డెసామినోటైరోసిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని ముందుగా ఇచ్చిన ఎలుకలు ఫ్లూను తట్టుకున్నాయని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో చూపించారు. అది వైరస్‌ను నేరుగా చంపదు, ఒంటి సొంత రక్షణను ముందే సిద్ధం చేస్తుంది. సముద్రజీవిలో దొరికిన, వైరస్‌లను అడ్డుకునే డిడెమ్నిన్-బి అనే పదార్థాన్ని తయారుచేసే బాక్టీరియా కూడా తర్వాత బయటపడింది. ఆ పదార్థాల కుటుంబానికే చెందిన ప్లిటిడెప్సిన్ 2021లో ఎలుకల్లో కరోనా వైరస్‌ను అణచింది. ఫ్లూకి గానీ కరోనాకి గానీ ఇవేవీ ఇంకా మందుల షాపు దాకా రాలేదు. ఆశ మాత్రం గట్టిదే.

మరి మనం చేస్తున్నదేమిటి? జబ్బు లేని కోడికీ యాంటీబయాటిక్ కలిపిన దాణా పెట్టే అలవాటు పోలేదు. ఆ మందు చెడ్డ క్రిములనే ఏరి చంపదు, పేగుల్లోని మేలుచేసే బాక్టీరియానూ ఊడ్చేస్తుంది. యాంటీబయాటిక్ తాగించిన ఎలుకలు ఫ్లూ ముందు బలహీనపడ్డాయని యేల్ పరిశోధకులు 2011లోనే చెప్పారు. కోళ్లలోనూ అంతే జరుగుతుందని దీన్నిబట్టి తేల్చేయలేం కానీ, తేలేదాకా దాణాలో మందు పోస్తూ కూర్చోవడం తెలివితక్కువ పని. పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. మిగతా యాంటీబయాటిక్‌లూ పశువైద్యుడి చీటీ లేనిదే ఫారంలోకి రాకూడదు. దాణా నమూనాలను పశుసంవర్ధక శాఖ తరచూ పరీక్షించి, ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి.

రేపటి మందులకు దారి చూపగల బాక్టీరియా చేజారకముందే, మాచర్ల, గురజాల పల్లెల పెరటి నాటుకోళ్ల పేగుల్లోంచి దాన్ని ఇప్పుడే సేకరించి భద్రపరచాలి. గుంటూరు పక్కనే లాంలో పశు పరిశోధన స్థానం ఉంది, ఆ పని అక్కడ మొదలుకావచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులనూ జీవవనరులుగానే లెక్కిస్తుంది. ఆ నమూనాల నుంచి రేపు మందు పుడితే కోళ్లను సాకిన పల్లెకూ వాటా దక్కేలా ఒప్పందం ముందే రాసుకోవాలి.