ఆ మేడ వెనక మనుషులు

మధ్యాహ్నం సీరియల్ మొదలైతే మా అమ్మ కథ చూసేది. మా బాబాయి లైట్లు చూసేవాడు. హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్ యూనిట్‌లో ఆయన లైట్‌మన్. అత్తాకోడళ్లు పోట్లాడుకునే ఆ మేడ హాల్లో ఏ లైటు ఎవరు నిచ్చెనెక్కి కట్టారో ఆయనకు తెలుసు.

తెల్లవారకముందే వెళ్లేవాడు, రాత్రి పది దాటాక వచ్చేవాడు. షూటింగ్ ఉన్న రోజే కూలి. ఒకసారి వేడి లైటు తగిలి చెయ్యి కాలింది. ఇంట్లో ఉన్న ఇరవై రోజులకు రూపాయి రాలేదు. అడగడానికి వెళ్తే, ఆయన అక్కడ పనిచేసినట్టు చూపడానికి ఒక్క కాగితం లేదు. ఛానల్ నిర్మాణ సంస్థను చూపింది, సంస్థ కాంట్రాక్టర్‌ను చూపింది.

ఇది మా బాబాయి ఒక్కడి కథ కాదు, చట్టంలోని ఖాళీ కథ. 1981లో వచ్చిన సినీ కార్మికుల చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలంది. కానీ సినీ కార్మికుడంటే ఫీచర్ ఫిల్మ్‌లో పనిచేసేవాడని నిర్వచించింది. రోజూ ఇంటింటికీ వచ్చే సీరియల్ ఆ నిర్వచనం బయటే ఉండిపోయింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ టీవీ సీరియళ్లను కూడా చేర్చింది. అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒప్పందం హక్కు. కానీ రేపటి పిలుపు కాంట్రాక్టర్ చేతిలో ఉన్నంతకాలం ఒంటరిగా ఆ కాగితం అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

అందుకే సంఘం కావాలి. అయితే సంఘం కూడా గోడ కట్టగలదు. మేకప్ కళాకారులుగా ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వకుండా, వాళ్లను జుట్టు దువ్వే పనికే పరిమితం చేసిన సినీ కార్మిక సంఘపు నిబంధనను చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు 2014లో కొట్టేసింది. ఆడవాళ్లను ఆపిన గేటు దగ్గరే కులం గురించి కూడా అడగాలి. యూనియన్ కార్డు తెలిసినవాళ్ల ద్వారానే దొరికితే, తెలిసినవాళ్లు లేనిది ఎవరికి? కెమెరా వెనక ఎవరు నిలబడుతున్నారు? బట్టలు ఉతికేది, ఇస్త్రీ చేసేది, ఎంగిలి ప్లేట్లు తీసేది ఎవరు? సెట్లో కులం లేదనేవాళ్లు ముందు ఈ లెక్క తీయాలి.

ఆ లెక్క తీయాల్సింది మనమే. సీరియళ్ల మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. కోడలి కన్నీళ్లను, ఆ మేడలోని పితృస్వామ్యాన్ని విశ్లేషిస్తున్నాం. మంచిదే. ఆ కన్నీళ్ల మీద వెలుగు పడేలా చేసిన మనిషికి ఎన్ని గంటల పని, ఎంత కూలి అన్నది మాత్రం మన అధ్యాయాల్లో కనబడదు. కథను చదివినంత శ్రద్ధగా కాల్షీట్‌ను కూడా చదవాలి.

వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ 1946లో ఫ్యాక్టరీల పనివారాన్ని 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లు తెచ్చారు. పనివాడి కాలానికి విలువ ఉందన్నదే అందులోని న్యాయం. ఎనభై ఏళ్లయినా ఆ న్యాయం సీరియల్ మేడ గడప దాటలేదు.

ప్రతి కార్మికుడికి చేతిలో ఒప్పంద పత్రం, ఎనిమిది గంటల పని, దెబ్బ తగిలితే పరిహారం, సంఘంలో కులానికీ లింగానికీ అతీతంగా సభ్యత్వం. మనం అడగాల్సినవి ఇవే. మా బాబాయి అడిగింది ఒక్క కాగితమే.