వేరే సంత పేరెత్తితే నోరు నొక్కుతారా?



2022 డిసెంబర్‌లో ట్విట్టర్ చేసిన పని మనలో చాలామందికి తెలీదు. మాస్టోడాన్ అనే ఇంకో వేదిక ఉంది. ట్విట్టర్‌లో దాని ఖాతాని ఆపేశారు. దాని లింక్ పెడితే ప్రమాదకరం అని చెప్పి పోస్టునే వెళ్లనివ్వలేదు. డిసెంబర్ 18న ఏకంగా రూలే పెట్టారు. ఫేస్‌బుక్‌లోనో, మాస్టోడాన్‌లోనో, నోస్టర్‌లోనో నేనున్నా, రండి అని ఎవరూ పిలవకూడదంట! గోల అయ్యాక వెంటనే వెనక్కి తీసుకున్నారనుకోండి. వాక్ స్వేచ్ఛ అంటూ 4,400 కోట్ల డాలర్లు పోసి కొన్న మస్క్ గారి ఏలుబడిలోనే ఇది.

2025 జనవరిలో ఫేస్‌బుక్ వంతు. పిక్సెల్‌ఫెడ్ అని, ఇన్‌స్టా లాంటిదే, ప్రకటనలుండవు. దాని లింకులు పెట్టిన పోస్టుల్ని స్పామ్ అని తీసేశారు. అడిగితే పొరపాటన్నారు. సరే, పొరపాటే అనుకుందాం. అది పోయి పోయి పక్క దుకాణం మీదే ఎందుకు పడింది?

వీటికి ఒక్క యజమాని ఉండడు. వేల సర్వర్లు, ఎవరిది వాళ్లే నడుపుకుంటారు. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ పోయినట్టు, ఒక సర్వర్లో ఉన్నవాడు ఇంకో సర్వర్లో ఉన్నవాడితో మాట్లాడొచ్చు. మాస్టోడాన్‌లో అయితే నచ్చకపోతే ఫాలోవర్లతో సహా వేరే సర్వర్‌కి మారిపోవచ్చు (పాత పోస్టులు మాత్రం రావు). అదీ వీళ్ల భయం.

సంతలో షావుకారు చింతపండు తూకం వేసేటప్పుడు జీసీసీ డిపో ఎటుందో చెప్పడు. చెప్పకపోవడం వ్యాపారం. కానీ డిపో అటుంది మామా అని పక్కనోడు చెప్తే వాడి నోరు మూయిస్తే? దాన్ని కూడా వ్యాపారమే అందామా? 1956లో జీసీసీ పెట్టిందే ఆ దళారుల పట్టు వదిలించడానికి.

వాళ్ల దుకాణం వాళ్లిష్టం అనేవాళ్లున్నారు. దుకాణమైతే సరే. ఊరంతా మాట్లాడుకునే రచ్చబండ మాదే అని చెప్పుకునేది కూడా వాళ్లేగా? 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు లాయర్ సంజయ్ హెగ్డే ఖాతా ఆపేశారని, దళిత బహుజనుల గొంతు నొక్కుతున్నారని, మన దేశంలో చాలామంది కోపంతో మాస్టోడాన్‌కి వెళ్లారు. నిలిచింది తక్కువమందే. అక్కడ ఎవరున్నార్రా అంటారు మనోళ్లు. ఉన్నారని చెప్పనిస్తే కదా!

మన కోయ, గోండి మాటలు, 1/70 చర్చలు, స్కాలర్‌షిప్ సమాచారం, అన్నీ ఒకే కంపెనీ గోడౌన్లో ఉన్నాయి. తాళం మన దగ్గర లేదు. అడ్మిన్ అన్నలారా, ముందు సభ్యుల నంబర్లు ఒక నోటుబుక్కులో రాయించండి. మంచి పోస్టులకు కాపీ తీసి పెట్టండి. తర్వాత బయట ఒక చిన్న ఖాతా తెరిచి, దాని అడ్రస్ ఇక్కడే పెడదాం. ఆ పోస్టు ఎన్ని రోజులుంటదో చూద్దాం.