అతుకు తెలియని పాట

యంత్రము చొరబడిన చోట కళ నిలువదని తలచువారు మనలో పెక్కుమంది కలరు. గాయకుడు ఏకధాటిగా పాడినదే పాట. ముక్కలు కోసి కలిపినది ఒట్టి అతుకులబొంత అని వారి వాదము. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అను ఇంగ్లీషు పాట పుట్టుక తెలిసినవారు అంత తొందరపడి తీర్పు చెప్పజాలరు.

1966 ఆగస్టుతో బీటిల్స్ బృందము కచ్చేరీ యాత్రలకు స్వస్తి చెప్పినది. పిమ్మట జాన్ లెనన్ ఒక చలనచిత్రములో నటించుటకు స్పెయినుకు పోయి, అక్కడ ఈ పాట కట్టినాడు. లివర్‌పూలులో ఆయన పెరిగిన ఇంటికి చేరువనే సాల్వేషన్ ఆర్మీవారి బాలల శరణాలయ ముండెడిది. పాటకు పేరు దానివలన వచ్చినదే.

నవంబరు 24న లండనులోని ఈ.ఎం.ఐ. స్టూడియోలో రికార్డింగు మొదలైనది. ఉన్నది నాలుగు ట్రాకుల టేపు యంత్రము. మొదట మెల్లగా, మృదువుగా సాగు పాఠమొకటి సిద్ధమైనది. లెననుకు తృప్తి కలుగలేదు. నిర్మాత జార్జి మార్టిన్ నాలుగు ట్రంపెట్లకు, మూడు చెల్లోలకు స్వరములు వ్రాసియిచ్చినాడు. డ్రమ్ముల మోతతో, వడిగా సాగు రెండవ పాఠము తయారైనది. ఈ పాటలో జార్జి హారిసన్ మీటిన స్వరమండలము మన దేశపు వాద్యమే.

అప్పుడు లెననుకు మొదటిదాని ఆరంభమును, రెండవదాని శేషమును కలుపవలెనని బుద్ధి పుట్టినది. శ్రుతులా వేరు, లయలా వేరు! ఏ గాయకుడైనను ఒక శ్రుతిలో ఎత్తుకొని, మరొక శ్రుతిలో ముగించునా?

టేపు వేగము తగ్గించినచో లయ మందగించును, శ్రుతియు దిగును. ఒకదానిని విడిచి రెండవది కదలదు. ఇచ్చట అదృష్టమేమన, వడిగల పాఠమే హెచ్చు శ్రుతిలో నుండుట. దానిని నెమ్మదింపజేయగా రెండు చిక్కులును ఒక్కమారే వీడినవి. డిసెంబరు 22న మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ కూర్చుండి అతుకు వేసినారు. పాట మొదలైన సుమారు 60 సెకండ్లకు అది వచ్చును; విద్యార్థులు చెవియొగ్గి పట్టుకొన యత్నింపవచ్చును. అటుపిమ్మట లెనన్ కంఠము బరువెక్కి, నిదురలోనుండి పలికినట్లుండును. అది మందగించిన టేపు చలువ.

యంత్రము వేగమును మార్చగలదు గాని, ఎచ్చట కోయవలెనో చెప్పలేదు. అది చెవి చేయు పని. అట్టి చెవిగల ఇంజనీరు పేరు ఆనాటి రికార్డు నడుమ అంటించిన చీటిపై ఉండెడిది కాదు. మన చిత్రములలో మాత్రమేమి? శబ్దగ్రాహకుని పేరు తెరపై పడునప్పటికి ప్రేక్షకుడింకను కుర్చీ వెదకుకొనుచుండును.

1967 ఫిబ్రవరిలో 'పెన్నీ లేన్'తో జంటగా వెలువడిన ఈ రికార్డు బ్రిటనులో రెండవ స్థానముననే ఆగిపోయినది. ఏండ్లు గడచిన పిదప లెనన్, ఆ పాటను మరల రికార్డు చేయవలెనని మార్టినుతో అన్నాడట.