అది తలుపా, తలుపు బొమ్మా?

ప్రజాప్రతినిధిని కలవాలంటే ఒకప్పుడు ఆయన ఇంటికో, కార్యాలయానికో వెళ్లడమే దారి. ఇప్పుడు చాలామంది పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు సొంత వెబ్‌సైట్లు ఉన్నాయి. 1994లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ వెబ్‌సైట్ ప్రారంభించినప్పుడు అది వింత. నేడు మన జిల్లాల నాయకులకు కూడా అది మామూలు విషయం.

ఇది మంచి పరిణామమే. ఒక రోజు కూలి పోగొట్టుకుని, అర్జీ చేతబట్టుకుని హైదరాబాదు బస్సెక్కే పేదవాడికి ఆ తిప్పలు తప్పితే సంతోషించని వారెవరు? అయితే ఆ వెబ్‌సైట్ నిజంగా తెరుచుకునే తలుపేనా, గోడ మీద వేసిన తలుపు బొమ్మా అన్నదే మన ప్రశ్న.

పాలకుడి తలుపు విషయాన్ని ఇస్లాం తేలికగా తీసుకోలేదు. ప్రతి మనిషీ ఒక కాపరి అనీ, తన బాధ్యతలో ఉన్నవారి గురించి దైవం ముందు జవాబు చెప్పుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించారు. అవసరంలో ఉన్నవారికి తలుపు మూసుకునే పాలకుడిని ఆయన హెచ్చరించారు. ఆ హెచ్చరిక విన్న హజ్రత్ ముఆవియా (ర) ప్రజల అవసరాలు చూడటానికి ఒక మనిషిని నియమించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కూఫా గవర్నరు హజ్రత్ సాద్ (ర) బజారు గోల భరించలేక భవనానికి తలుపు పెట్టించుకున్నారని విన్న ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర), మదీనా నుంచి మనిషిని పంపి దాన్ని కాల్పించారని చరిత్రకారులు రాశారు. సాద్ సామాన్యులు కారు, ఖాదిసియా యుద్ధ విజేత. అయినా ప్రజలకూ పాలకుడికీ మధ్య అడ్డు ఉండరాదన్నదే ఖలీఫా తీర్పు.

ఈ గీటురాయి మీద నేటి వెబ్‌సైట్లను పరీక్షిద్దాం. శంకుస్థాపనల ఫొటోలు, పుట్టినరోజు అభినందనలు, రంజాన్ నెలలో ఇఫ్తార్ విందు చిత్రాలు పెట్టడం తప్పు కాదు. కానీ ఓటరు అడిగేది వేరు. 1993లో మొదలైన ఎంపీ నిధుల పథకం కింద పార్లమెంటు సభ్యుడు ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేయవచ్చు. అందులో మన బస్తీకి ఎంత వచ్చింది? ఏ పని ఎక్కడ ఆగింది? 2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున లోక్‌సభ వక్ఫ్ సవరణ బిల్లును ఆమోదించింది. అనుకూలంగా 288 ఓట్లు, వ్యతిరేకంగా 232 ఓట్లు పడ్డాయి. మన సభ్యుడు ఎటు ఓటు వేశారు, ఎందుకు వేశారు? మసీదులు, ఖబ్రస్తాన్‌లతో ముడిపడిన ఇలాంటి విషయంలో ఓటు ఎటు వేసినా, కారణం చెప్పడం ప్రతినిధి బాధ్యత. ఆ సంజాయిషీ లేని వెబ్‌సైట్ గోడకు అంటించిన పోస్టరుతో సమానం.

భాష మాటేమిటి? తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఇస్తూ శాసనసభలు చట్టం చేశాయి. ఓట్లు అడిగేటప్పుడు కరపత్రం తెలుగులో, ఉర్దూలో ఇంటికి వస్తుంది. గెలిచాక లెక్క ఇంగ్లీషులో మాత్రమే చెబితే అది ఎవరి కోసం?

కనుక మేము కోరేవి మూడే. ప్రతి అర్జీకి ఒక నంబరు, గడువులోగా జవాబు ఇవ్వాలి. నిధుల లెక్క, సభలో వేసిన ఓట్ల వివరం ప్రజల భాషలో ఉండాలి. వెబ్‌సైట్ ఉందన్న సాకుతో ఇంటి తలుపు మూయకూడదు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మన అక్కాచెల్లెళ్లలో స్మార్ట్‌ఫోను లేనివారికి వారానికి ఒక రోజైనా నాయకుడు ఎదురుగా దొరకాలి.

మన వంతు కూడా ఉంది. చదువుకున్న యువకులు జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక గంట కూర్చుని, చదువురాని పెద్దల అర్జీలు రాసి పంపితే అది పుణ్యకార్యమే. జవాబు రాకపోతే మళ్లీ రాయాలి. పదవి అమానతు. దాన్ని అప్పగించిన వారికి లెక్క అడిగే హక్కు ఉంది. అడగకుండా ఐదేళ్లు ఊరుకుని, ఎన్నికల నాడు నిట్టూరిస్తే ఫలితం ఉండదు.