కొత్త పెట్టెలో పాత ఎక్స్‌పీ

మదర్‌బోర్డు కాలిపోయింది. రిపేరు షాపువాళ్లు చేతులెత్తేశారు. హార్డ్‌డిస్క్ మాత్రం నిక్షేపంగా ఉంది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటితో ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన పుస్తకాలు! మన డీటీపీ సెంటర్లలో ఇలాంటి డిస్కులకు కొదవేం లేదు.

ఫైళ్లు కాపీ చేసుకుంటే సరిపోదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. అను ఫాంట్లది యూనికోడ్ పద్ధతి కాదు. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే అక్షరాలు గజిబిజి గుర్తులైపోతాయి. పేజ్‌మేకరేమో కొత్త విండోస్‌లో పేచీ పెడుతుంది. అంటే, ఆ పాత కంప్యూటర్‌నే మళ్లీ లేపాలన్నమాట.

దానికో దారి వర్చువల్ మెషీన్. కంప్యూటర్‌లో నడిచే ఇంకో కంప్యూటర్. మామూలుగా దాని హార్డ్‌డిస్క్ ఓ పెద్ద ఫైలు. దాని బదులు అసలు డిస్కునే అప్పగిస్తే? ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్‌లో ఈ సౌకర్యం ఉంది. పాత డిస్కును యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించి, అడ్మినిస్ట్రేటర్ హోదాలో వీబాక్స్‌మేనేజ్ ఆదేశం ఇస్తే చిన్న వీఎండీకే ఫైలు తయారవుతుంది. అందులో డేటా ఉండదు, డిస్కు ఎక్కడుందో చెప్పే చిరునామా తప్ప. ఆ చిరునామాలో అంకె జాగ్రత్త! సున్నా నంబరు డిస్కు సాధారణంగా మీ కొత్త కంప్యూటర్‌దే.

అసలు ప్రమాదం వేరే ఉంది. బయటి విండోస్, లోపలి ఎక్స్‌పీ రెండూ ఒకే డిస్కు మీద రాయడం మొదలెడితే ఇంకేముంది... ఒకే చిట్టా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు పద్దులు రాసినట్టే. ఫైళ్లన్నీ చెడిపోతాయి. అందుకే ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డిస్కును 'ఆఫ్‌లైన్' చేయాలి.

నన్నడిగితే, ఉన్న ఒక్క డిస్కుతో ఈ సాహసం వద్దంటాను. ఎక్స్‌పీ లేచిన క్షణం నుంచే రిజిస్ట్రీ మారుస్తుంది, కొత్త డ్రైవర్లు వేసుకుంటుంది. అదంతా మీ అసలు డిస్కు మీదే! ముందు డిస్కు మొత్తాన్నీ ఇమేజ్‌గా తీసి, దాన్ని వర్చువల్‌బాక్స్ ఫైలుగా మార్చి, ఆ నకలునే బూట్ చేయండి. చెడినా ఇంకో నకలు ఉంటుంది. డిస్కు 'టిక్ టిక్' అంటోందా? బూట్ మాట మరిచిపోండి. లినక్స్‌లోని డీడీరెస్క్యూతో చదవగలిగినంత చదివించండి. డేటా మరీ విలువైనదైతే రికవరీ నిపుణులకే ఇవ్వండి.

బూట్ చేయగానే నీలి తెర, 7బీ ఎర్రర్ వస్తే కంగారొద్దు. డిస్క్ కంట్రోలర్ మారిందని ఎక్స్‌పీ బెంబేలెత్తుతోందంతే. సెట్టింగుల్లో 'సాటా' తీసేసి ఐడీఈ, అందులో పీఐఐఎక్స్4 పెట్టి చూడండి. చాలాసార్లు దారికొస్తుంది. యాక్టివేషన్ మళ్లీ అడగొచ్చు.

అన్నట్టు, దానికి నెట్ కనెక్షన్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. లోపల పేజ్‌మేకర్ తెరుచుకోగానే ముఖ్యమైన పుస్తకాలను, ఫాంట్లు కూడా ఇమిడేలా, పీడీఎఫ్‌లు చేసి బయటకు తెచ్చుకోండి.