వినడం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు



యోబు స్నేహితుల గురించి మనం ఎప్పుడూ చెడుగానే చెప్పుకుంటాం. కానీ ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చిన మొదటి ఏడు రోజులు ఏం చేశారో ఆలోచించండి. నేలమీద అతని దగ్గరే కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మేలు అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే యోబు గాయం పెద్దదైంది.

కౌన్సెలింగ్, సైకాలజీ, సోషల్ వర్క్ చదివే పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం ఆసుపత్రులకు, పల్లెలకు వస్తున్నప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. వాళ్ళు రావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళు ప్రతి 100 మందిలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళలో చికిత్స అందనివాళ్ళే ఎక్కువ. నిద్రపట్టని తల్లి, అప్పుల్లో మునిగిన రైతు, పరీక్ష పోయిన కుర్రాడు ముందు వెళ్ళేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు. ఆర్‌ఎంపీ దగ్గరికో, భూతవైద్యుడి దగ్గరికో, మాలాంటి పాస్టర్ల దగ్గరికో వెళ్తారు. ప్రార్థన చేస్తాం, చేయాలి కూడా. కానీ మందు కావలసిన జబ్బుకు విశ్వాసలోపం అని పేరు పెడితే మనమూ యోబు స్నేహితులమే.

అయితే పల్లె పిల్లల చేతి అలవాటు కోసం పెట్టిన పలక కాదు. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోని బాధను ఒక తల్లి ఒక విద్యార్థిని ముందు విప్పుతుంది. ఆరు వారాలకు ఆ అమ్మాయి సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కుతుంది. విప్పిన మూటను మళ్ళీ ఎవరు కట్టాలి?

అందుకే కాలేజీలను మూడు సంగతులు అడగాలి.

మొదటిది, పిల్లల వెనుక అనుభవమున్న పెద్ద ఉండాలి. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేక్రెప్ నియమం ప్రకారం ఇంటర్న్‌షిప్ 600 గంటలు. అందులో మనుషులతో నేరుగా పనిచేయాల్సింది కనీసం 240 గంటలు. వారం వారం సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడడం తప్పనిసరి. గంటలు లెక్కపెట్టడం మనమూ చేయగలం, కానీ ఆ వారం వారం కూర్చోవడమే అసలు చదువు.

రెండవది, మొదటి రోజే నిజం చెప్పాలి. "నేను విద్యార్థిని, ఫలానా తేదీ వరకే ఉంటాను, తర్వాత మీరు ఫలానావారి దగ్గరికి వెళ్ళవచ్చు" అని చెప్పాలి. విన్నది బయటికి పొక్కకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. టీ కొట్టు దగ్గర ఆ హక్కు ఎంత త్వరగా పోతుందో పల్లెవాళ్ళకు చెప్పనక్కరలేదు.

మూడవది, వినేవాళ్ళకూ వినేవాళ్ళు కావాలి. చచ్చిపోవాలనుంది అన్న మాట విన్న ఇరవై రెండేళ్ళ పిల్ల ఆ బరువును ఒంటరిగా హాస్టల్‌కు మోసుకెళ్ళకూడదు. అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు విద్యార్థి దగ్గరే కాదు, ప్రతి ఇంట్లో ఉండాలి.

ఇక సంఘ పెద్దలారా, మన వంతు చిన్నది. పల్లెలో ఇద్దరు మనుషులు చాటుగా మాట్లాడుకునే గది దొరకదు. మన మందిరం చాలావరకు ఆదివారం తప్ప ఖాళీగానే ఉంటుంది. ఆ పిల్లలు వస్తే తాళం ఇవ్వండి, రెండు కుర్చీలు వేయండి. ఏ మతంవాళ్ళు వచ్చారని చూడకండి. బయటికొచ్చాక "ఏం చెప్పింది?" అని అడగకండి. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం కూడా ఆదరణే.